మామ్మ మేనా, అచ్చమ్మ గడప

మా ముత్తాత వెంకటపతిరాజు గారు జమీందారు దగ్గర దివానుగిరీ చేసి, గోదావరి పాయ వసిష్ఠ ఒడ్డున ఉన్న ఊళ్లన్నింటికీ శిస్తు ఇంతని నిర్ణయించిన మనిషి. మా తాత జగన్నాథరాజు గారు గుర్రం మీద ఊళ్లోకి వస్తుంటే, ఆయన దిగి లోపలికి వెళ్లేదాకా అరుగుల మీద ఎవరూ కూర్చునేవారు కారు. మా నాన్న నరసరాజు గారి కాలానికి గుర్రం పోయింది గాని, అరుగుల మీద జనం లేచి నిలబడటం మానలేదు. నేను ఆయన ఒక్కగానొక్క కొడుకుని, సూర్యనారాయణరాజుని. నన్ను చూసి లేచేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. నేను నిటారుగా నడవడం మాత్రం మానలేదు.

మొన్న రాజమహేంద్రవరంలో నేను అద్దెకుంటున్న రెండు గదుల వాటాకి సోములు వచ్చాడు. లంక దోసకాయలు ఒక బుట్టెడు, పచ్చి తాటాకులో చుట్టిన పొగాకు కట్ట ఒకటి తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. ఒకప్పుడు మా ఇంటికి లంక పొగాకు తెచ్చే పెరుమాళ్లు కొడుకు అతను. జుట్టు సగం నెరిసింది. "ఇంటి మీద తాటాకు తీసేసి పెంకు వేయిస్తున్నామండి బాబుగారూ. గోడలు కూడా ఇటికతో కడతన్నాం. గడప మాత్రం మార్చటం లేదండి. దానికి మీరొచ్చి పసుపు రాయాలని అమ్మ పోయేముందు చెప్పిందండి" అన్నాడు. వస్తానన్నాను. అతను వెళ్లాక పక్కవాటాలో ఉండే పెద్దమనిషి, కోర్టులో గుమాస్తాగా చేసి మానుకున్నాయన, దోసకాయల వంక చూస్తూ, "వీళ్ల కోసమేనటగా మీ మామ్మగారు మండువా లోగిలి పోగొట్టింది? ఆవిడ పట్టుదల మీ కొంప ముంచిందని మీ వైపువాళ్లు చెప్పుకుంటారు" అన్నాడు. నేను ఆయనకి జవాబు చెప్పలేదు. జవాబు పొడుగైంది గనక కూర్చుని రాస్తున్నాను.

మా మామ్మ, మా నాన్న తల్లి, పేరు సుభద్రాయమ్మ. మా ఇళ్లలో ఆడవాళ్లకి గోషా. పరాయి మగవాడి కంట పడకూడదు, వీధి గుమ్మం దాటకూడదు. దాటాల్సి వస్తే నాలుగు వైపులా తెరలు దించిన మేనాలో దాటాలి. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నాన్న నాకు మీసాలు వచ్చేటప్పటికి పోయారు. ఆ పెద్ద ఇంట్లో మామ్మ, నేను, ఆవిడ పుట్టింటి నుంచి వెంట వచ్చిన దాసి పుల్లమ్మ మిగిలాం. తెల్లవారకముందే మామ్మ లేచేది. మండువాలో రాగి గంగాళం దగ్గర నీళ్ల చప్పుడు, తర్వాత దేవుడి గదిలోంచి సాంబ్రాణి, ఆ తర్వాత పెరటి వసారాలోంచి చుట్ట వాసన. ఈ మూడూ ఈ వరసలో రాకపోతే ఇంట్లో ఏదో జరిగిందన్నమాట. లంక పొగాకు తప్ప మరొకటి ముట్టేది కాదు. చుట్టని అడ్డపొగ పెట్టి, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తూ, ఆ నోటితోనే పుల్లమ్మని తిట్టగలిగేది. కూర్చుంటే వీపు గోడకి ఆనించేది కాదు. గోడ ఉన్నది ఇంటిని నిలబెట్టడానికి గాని మనల్ని నిలబెట్టడానికి కాదని నాకు చెప్పేది.

ఆ పొగాకు పండించి తెచ్చేవాడు పెరుమాళ్లు. మా ఊరికెదురుగా గోదావరి నడుమ ఉన్న లంకలో అతనిదీ, అతని తమ్ముళ్లిద్దరిదీ కలిపి ఒక ఇల్లు. ఆ లంక ఒకప్పుడు మాది, తర్వాత కాదు. అయినా ఊళ్లో దాన్ని రాజుగారి లంక అనే అనేవారు, పెరుమాళ్లు తొలి కోత పొగాకు మా ఇంటికే తెచ్చేవాడు. నాన్న పోయాక ఒక ఏడు వరద గట్టు మీదికి రాలేదు, లంకని మాత్రం అడుగునుంచి కోసేసింది. పొద్దున పాదు ఉన్నచోట సాయంత్రానికి నీళ్లు. లంకవాళ్లకొక పద్ధతి ఉంది. కోత ఇంటి దాకా వచ్చిందంటే ముందు తీసేది బియ్యం కాదు, గిన్నెలు కాదు, వీధి గుమ్మం ద్వారబంధం. దాన్ని గడపతో సహా ఊడదీసి పడవకెక్కిస్తారు. గడప చేతిలో ఉన్నంతకాలం ఇల్లు పోలేదనీ, చోటు మారిందనీ వాళ్ల లెక్క. అలా పెరుమాళ్లు, అతని పెళ్లాం అచ్చమ్మ, చంటివాడైన సోములు, ముసలి తల్లి, తమ్ముళ్లు, ఒక గేదె, ఒక తాటి ద్వారబంధం మా రేవులో దిగారు. మిగిలినదంతా వాళ్ల కళ్లముందే వెళ్లిపోయింది. మా కచేరీ సావిడి అప్పటికి చాలా ఏళ్లుగా ఖాళీ. మామ్మ తాళంచెవి పుల్లమ్మ చేత పంపించింది.

నీళ్లు తీసి కార్తీకం వచ్చేసరికి మామ్మ ఒకరోజు అచ్చమ్మని లోపలికి పిలిపించింది. మా ప్రహరీకి ఈశాన్యపు మూల, వీధీ కాలవగట్టూ కలిసేచోట, మాకొక మెరక స్థలం ఉంది. అక్కడ ఇల్లు కట్టుకోమంది. ఇంతలో పెరటి కిటికీలోంచి సావిడి గోడకి చేరేసి ఉన్న ఆ తాటి ద్వారబంధం కనపడింది.

"ఇదేం గుమ్మమే? మా గొడ్లసావిడికి ఇంతకన్నా మంచిదుంది."

"ఉంటదండి. గొడ్లకి కూడా తమరు మంచిదే పెడతారు" అంది అచ్చమ్మ. "మాకిది చాలండి."

"పిచ్చిదానా, అటక మీద టేకు ద్వారబంధం ఉంది, ఇస్తానంటున్నాను. సింహాలు చెక్కినది."

"సింహాలతో మేమేం చేస్తామండి? మా ఆయన చూరు కింద వొంగి ఇంట్లోకొచ్చే మనిషి. తలెత్తేసరికి నెత్తిమీద సింహముంటే జడుసుకుంటాడండి."

పుల్లమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. మామ్మ నవ్వలేదు. "దీని ఇంటిని ముంచింది గాని నోటిని ముంచలేదే గోదావరి" అంది.

"తప్పుగా అనుకోకండమ్మా" అంది అచ్చమ్మ, ఈసారి నెమ్మదిగా. "ఈ గడపకి మా అత్త పసుపు రాసింది, నేను రాశాను. ఇంకోళ్ల గడప నిలబెట్టుకుంటే అది మా ఇల్లవదండి. అద్దిల్లవుద్ది."

మామ్మ మరోసారి ఆ తాటి ద్వారబంధం వంక చూసింది. తర్వాత, "సరే, దూలాలకి కలప కావాలిగా. సావిడి పైకప్పు విప్పి తీసుకోండి. దానికి పసుపెవరూ రాయలేదు" అంది. సావిడి విప్పడమంటే మా ఇంట్లో మామూలు మాట కాదు. పెద్దింటివాళ్లు సొంత కప్పు సొంత చేతులతో దించుకుంటున్నారంటే ఇక లోపల ఏమీ లేదని ఊరికి చాటినట్టే. మామ్మకది తెలుసు. తెలిసే అంది.

ఆ మాట వీధిలోకి వెళ్లడమే ఆలస్యం, సుబ్బారాయుడు గారు వచ్చారు. కాలవలు తవ్వాక ధాన్యం వ్యాపారంతో పైకొచ్చిన మనిషి. మంచి బట్ట కట్టేవాడు, మెత్తగా మాట్లాడేవాడు. నేను అరుగు మీద, మామ్మ తలుపు వెనక, పుల్లమ్మ గుమ్మంలో. గోషా ఇంట్లో మాట అలాగే నడుస్తుంది. మామ్మ లోపల అన్నది అందరికీ వినపడుతుంది, అయినా పుల్లమ్మ మళ్లీ చెప్పేదాకా ఎవరూ విననట్టే ఉండాలి.

"రాజుగారూ, ఆ మూల స్థలం నాకిచ్చెయ్యండి" అన్నాడాయన. "పడవలు అక్కడే ఆగుతాయి, కొట్టు కట్టుకుంటాను. మీ శిస్తు బకాయి పూచీ నాది. మీరూ అమ్మగారూ బతికున్నంతకాలం ఈ లోగిలి జోలికి ఎవరూ రారు."

"ఇవ్వకపోతే?"

"నేనేం చెబుతానండి. వేలం అంటే ఏంటో తమకి తెలియందా?"

తలుపు వెనక దగ్గు వినపడింది. పుల్లమ్మ గొంతు సవరించుకుంది. "మూల స్థలం మీకిస్తే పెరుమాళ్లు ఎక్కడ కట్టుకుంటాడని అమ్మగారు అడుగుతున్నారండి."

"కాలవ అవతల బోల్డంత పల్లపు నేల ఉంది కదండీ."

"అది సగం ఏడాది నీళ్లలో ఉంటదని అమ్మగారు అంటున్నారండి."

"లంకోళ్లకి నీళ్లు కొత్తా ఏంటండీ?" అని ఆయన నవ్వాడు. "అయినా ఇంత వీధిలో, ఇన్ని అరుగుల మధ్య, గేదెల్ని కట్టుకునేవాళ్లని తెచ్చి పెడితే పెద్దలేమనుకుంటారు?"

తలుపు వెనక ఏ చప్పుడూ లేదు. పుల్లమ్మ ఒకసారి లోపలికి తొంగి చూసి, "అమ్మగారు ఏమీ అనటం లేదండి" అంది, భయంగా. స్థలం నా పేర ఉంది. మామ్మ ఊరుకున్నది నన్ను మాట్లాడమని.

"ఆ స్థలం ఇచ్చేశానండి" అన్నాను.

"ఎవరికి?"

"పెరుమాళ్లుకి."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

ఆయన కండువా సర్దుకుని లేచాడు. ఆయనతో పాటే మా ఇల్లు నిలబడే దారి కూడా లేచి వెళ్లిపోతోందని నాకు ఆ క్షణంలోనే తెలుసు. మళ్లీ అడిగినా అదే మాట చెప్పేవాణ్ణి, ఇప్పుడడిగినా చెబుతాను.

సుబ్బారాయుడు గారు తొందరపడే మనిషి కాదు. ముందు పురోహితుడు మా ఇంటికి రావడం మానేశాడు. ద్వారబంధం ఎత్తడానికి ముహూర్తం పెట్టమని కబురు చేస్తే, ఇప్పట్లో మంచి రోజులు లేవన్నాడు. మామ్మ విని, "గోదావరి ముహూర్తం చూసుకుని వాళ్ల ఇల్లు పట్టుకుపోయిందా? పోయినట్టే వస్తుంది, ఎత్తండి" అంది. పెరుమాళ్లూ తమ్ముళ్లూ ఖాళీ స్థలంలో ఆ తాటి ద్వారబంధం నిలబెట్టారు. అచ్చమ్మ గడపకి పసుపు రాసింది, మామిడాకులు కట్టింది. చుట్టూ గోడలేమీ లేకుండా, ఆకాశంలోకి తెరుచుకున్నట్టు ఒంటరిగా నిలబడింది ఆ గుమ్మం. మర్నాడు పొద్దున చూస్తే లేదు. కాలవ బురదలో బోర్లా పడి ఉంది. ఎవరు పడేశారో ఎవరూ చూడలేదట.

పెరుమాళ్లు పంచె ఎగ్గట్టాడు. దిగి, దాన్ని పైకి లాగి, కాలవ నీళ్లతోనే కడిగాడు. "గోదారికే ఇవ్వలేదు దీన్ని. పిల్లకాలవకిస్తామా బాబుగారూ?" అన్నాడు. నేను కర్ర కోసం ఇంట్లోకి వచ్చాను. మామ్మ అడ్డం నిలబడింది.

"కర్ర ఎందుకు? ఎవర్ని కొడతావు? చూసినవాళ్లు లేరుగా. మేనా దింపించు."

మా మేనా అటక మీద గబ్బిలాల కింద ఉంది. ఎర్ర బనాతు తెరలు, వెండి పువ్వులు కొట్టిన కర్ర. బోయీలని మానిపించి చాలాకాలమైంది, వాళ్లు కాలవ మట్టిపనికి వెళ్లిపోయారు. ఎవరు మోస్తారని అడిగాను.

"నీకు భుజాలు లేవా?" అంది మామ్మ.

మా వంశంలో మేనాలో తిరిగినవాళ్లే గాని మేనా మోసినవాళ్లు లేరు. నేను మోశాను. ముందు నేనూ పెరుమాళ్లూ, వెనక అతని తమ్ముళ్లు. వీధి గుమ్మం దాటేసరికి అరుగుల మీదున్నవాళ్లందరూ లేచి, గోడ వైపు తిరిగి నిలబడ్డారు. గోషా మేనా కనపడితే మగవాడు మొహం తిప్పుకోవాలి, దాని ఛాయలకి రాకూడదు. ఎంత పగవాడైనా తప్పని మర్యాద అది. మళ్లీ నిలబెట్టిన ద్వారబంధం పక్కనే, చేయి చాపితే అందేంత దగ్గరగా, మేనా దించాం. ఇక ఆ గుమ్మం మీద చెయ్యి వేయాలంటే మా మామ్మ తెర పక్కకి రావాలి. అంత మగవాడు ఆ ఊళ్లో పుట్టలేదు. పొద్దుగూకాక మేనా లోపలికి వచ్చేది, పెరుమాళ్లు తన గడపకి అడ్డంగా చాప వేసుకుని పడుకునేవాడు. తెల్లవారితే మళ్లీ మేనా.

మట్టిగోడ ఒక్కరోజులో లేచేది కాదు. ఒక వరుస పెట్టి, అది ఆరితే గాని దాని మీద రెండో వరుస పెట్టరు. వాళ్లు బురద తొక్కుతుంటే మామ్మ మేనాలో కూర్చుని చుట్ట కాల్చేది. తెర సందులోంచి సన్నగా పొగ లేచేది. ఆవిడ ఉన్నట్టు ఊరికి అదే గుర్తు. ఒక మధ్యాహ్నం సుబ్బారాయుడు గారు ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చి, దూరంగా, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"అమ్మగారూ, తమరిలా వీధిలో కూర్చోవడం మాకు తలవంపులండి."

"అమ్మగారు నిద్దరోతున్నారండి" అంది పుల్లమ్మ.

"పొగ వస్తుందిగా?"

"వీపు పెట్టి నిలబడ్డాక పొగెట్టా కనపడిందండీ తమకి?"

బురద తొక్కుతున్న తమ్ముళ్లలో ఒకడు పకపకా నవ్వాడు. వాళ్లు వెళ్లిపోయారు.

గోడలు చూరు ఎత్తు రావస్తున్నాయనగా మామ్మకి జ్వరం తగిలింది. ఆ పొద్దున గంగాళం చప్పుడు లేదు, సాంబ్రాణి లేదు, చుట్ట లేదు. మంచం మీదే అచ్చమ్మని పిలిపించింది.

"ఇవాళ నువ్వు ఎక్కవే."

"నేనా? మేనాలోనా? వద్దండమ్మా, కాళ్లకి మట్టుందండి."

"కడుక్కో. చుట్ట కాల్చడం వచ్చుగా?"

"తమరు కాల్చేది మేం పండించిందేనండి."

"అయితే ఎక్కు. నడుం వంచి కూర్చోకు, బరువు ఒక పక్కకి పోయి బయటివాళ్లకి తెలుస్తుంది."

అచ్చమ్మని ఎక్కించుకుని మోశాం. మామ్మ కన్నా అచ్చమ్మ బరువెక్కువ, అంతకు మించి నా భుజానికి తేడా తెలియలేదు. జనం లేచారు, గోడ వైపు తిరిగారు. మేనా దించాం, పొగ లేచింది. అంతా సవ్యంగానే ఉండేది, పెరుమాళ్లు తల్లి ఒళ్లో ఉన్న సోములు ఆకలికి ఏడుపు లంకించుకోకపోతే. ఎంత ఊపినా ఊరుకోలేదు. చివరికి ఎర్ర తెర కదిలింది. మట్టి గోళ్లతో, మోచేతి దాకా గాజులతో ఒక చెయ్యి బయటికి వచ్చి, బిడ్డని రెక్క పట్టి లోపలికి లాక్కుంది. ఏడుపు ఆగింది.

మా మామ్మకి గాజులు లేవు. తాత పోయిననాటి నుంచీ లేవు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కాలవగట్టు మీద ధాన్యం పడవ దగ్గర నిలబడ్డ సుబ్బారాయుడు గారు ఆ చెయ్యి చూశాడు. నలుగురు కూలీలతో గబగబా మెట్లెక్కి వచ్చాడు. నేను వెళ్లి మేనా ముందు నిలబడ్డాను.

"ఎవరండీ లోపల?" అన్నాడు, మెత్తగా కాదు.

"మా ఇంటివాళ్లు."

"అది అమ్మగారి చెయ్యి కాదు."

"తెర ఎత్తి చూస్తారా?"

ఆయన వెనకున్న కూలీలు అప్పటికే మొహాలు తిప్పుకున్నారు. అరుగుల మీదున్న పెద్దలు, ఆయన వైపు మాట్లాడినవాళ్లే, ఇప్పుడాయన ఏం చేస్తాడోనని గోడలకేసి చూస్తూనే చెవులు రిక్కించారు. జగన్నాథరాజు గారి మేనా తెర మీద చెయ్యి వేసినవాడికి ఆ వీధిలో మళ్లీ మంచినీళ్లు పుట్టవు. లోపలున్నది ఎవరైనా సరే. తెర వెనక బిడ్డ చప్పరిస్తున్న చప్పుడు వినపడుతోంది. చుట్ట పొగ ఆగలేదు. సుబ్బారాయుడు గారు నా వంక చూశాడు, తెర వంక చూశాడు, మెల్లిగా వెనక్కి తిరిగి కాలవ వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. తర్వాత మెట్లు దిగి వెళ్లిపోయాడు. అచ్చమ్మ లోపల్నించి, "ఎల్లిపోయాడాండీ? కాలు తిమ్మిరెక్కింది" అంది.

మా సావిడి దూలాల మీద తాటాకు కప్పు పడింది. ఇంట్లో పాలు పొంగించిన రోజు మామ్మ మేనాలో వెళ్లింది. వీధంతా వెనక్కి తిరిగి ఉండగా దిగి, ఆ లంక చూరు కిందికి వంగి, పసుపు గడప తొక్కకుండా దాటి లోపలికి వెళ్లింది. మామ్మ నడుం వంచడం నేను చూసింది అదొక్కసారే. లోపల చాప మీద కూర్చుని వీపు కొత్త గోడకి ఆనించింది. పచ్చి ఇంకా ఆరలేదని అచ్చమ్మ మొత్తుకుంటున్నా వినలేదు. తెల్లచీర మీద ఆ మట్టి మరకతోనే ఇంటికి వచ్చింది.

స్థలం పెరుమాళ్లు పేర రాసిచ్చాను. సుబ్బారాయుడు గారు పూచీ పడలేదు, పడతాడని మేమూ అనుకోలేదు. ఇప్పుడు నాలుగు మూటల బియ్యం పంచినవాడు ఆ సంగతి రాతి పలక మీద చెక్కిస్తున్నాడు, దాన్ని దానమంటున్నారు. మామ్మ పెరుమాళ్లుకి దానం చేశానని ఒక్కసారి కూడా అనలేదు. కప్పు పోయిన మనిషి మా రేవులో దిగితే, అతన్ని మళ్లీ కప్పు కింద పెట్టడం రాజుల ఇంటి పని, అంతే. ఇల్లు పోయాక మేం రాజులమెలాగవుతామని అడిగేవాళ్లకి, ఇల్లు ఉంచుకుని వాళ్లని పల్లంలోకి తోసి ఉంటే మాత్రం మేమెవరమని నా ప్రశ్న. పక్కవాటా పెద్దమనిషికి ఇదే నా జవాబు. నేనుంటున్న ఈ వాటా గుమ్మం పొట్టిది. రోజూ వంగే లోపలికి వెళతాను. మామ్మ వంగిన తర్వాత నాకు నామోషీ ఏముంది? వచ్చే వారం వెళ్లి అచ్చమ్మ గడపకి పసుపు రాస్తాను.

మామ్మ పోయిన తర్వాత మండువా లోగిలి వేలంలో పోయింది. సుబ్బారాయుడు గారి కొడుకు పాడుకున్నాడు. సింహాల ద్వారబంధం, రాగి గంగాళం, ఉయ్యాలబల్ల రాజమహేంద్రవరం కలప అడితికీ సామాన్ల కొట్టుకీ అమ్మాను. మేనాని పాలకొల్లులో ఒక నాటకాల కంపెనీవాళ్లు కొనుక్కున్నారు.